కుళ్లినంత మేరే కోసిన కొల్లాపూర్ వడ్రంగి కొట్టు

చెక్కపని మంచిచెడ్డలు పని ముగిసిన రోజున తెలియవు. అందుకే ఒక ఎండాకాలం, ఒక వానాకాలం గడిచేదాకా ఆగి ఇప్పుడు రాస్తున్నాను. పని మా పాత ఇంటి వసారాది: ఎనిమిది టేకు స్తంభాలు, వాటి మీద రెండు దూలాలు, పైన గూన పెంకుల కప్పు. మొదలుపెట్టింది 2024 ఫిబ్రవరి 12న. చేసింది కొల్లాపూర్‌లో బోర్డు కూడా లేని ఒక వడ్రంగి కొట్టు. తండ్రీకొడుకులు ఇద్దరే పనివాళ్లు. తండ్రిని నేను ‘అన్నా’ అని పిలిచాను. ఊళ్లో అందరూ మేస్త్రి అంటారు కాబట్టి ఇక్కడ అలాగే రాస్తాను.

ముందు ఆ స్తంభాల సంగతి చెప్పాలి. మా అసలు ఊరు ఇప్పుడు శ్రీశైలం జలాశయం నీళ్ల కింద ఉంది. 1981లో ఊరు ఖాళీ చేసినప్పుడు నాకు పద్దెనిమిదేళ్లు. గోడలు మట్టివి, వాటిని వదిలేశాం. తలుపులు, దర్వాజాలు, దూలాలు, వాసాలు, స్తంభాలు విప్పి ఎడ్లబండ్ల మీద కొత్త ఊరికి తెచ్చుకున్నాం. అదే ముంపు మా చుట్టుపక్కల గుళ్లనూ కదిలించింది. జటప్రోలు మదనగోపాలస్వామి గుడినీ, కూడవెల్లి సంగమేశ్వరుడి గుడినీ రాయి రాయికీ గుర్తు వేసి విప్పి, ముంపు తగలని చోట మళ్లీ నిలబెట్టారు. ఆ సంగమేశ్వరుడు ఇప్పుడు అలంపురంలో ఉన్నాడు. గుళ్ల కోసం పురావస్తు శాఖ వారు వచ్చారు. మా ఇళ్ల కోసం మా ఊరి వడ్రంగులే రాత్రింబగళ్లు పనిచేశారు. వారిలో ఇవాళ ఒక్కరూ లేరు.

తాత కట్టిన వసారాను నాన్న కొత్త ఊళ్లో అవే కొలతలతో నిలబెట్టాడు. దసరాకు పద్యనాటకాలు దాని మీదే ఆడేవారు. ముందు వరుస స్తంభాలకు దుప్పట్లు కలిపి కుట్టిన తెర కట్టేవారు. హరిశ్చంద్రుడి వేషం వేసే మా చిన్నాన్న కాటిసీనులో మూడో స్తంభాన్ని ఆనుకుని పద్యం ఎత్తుకునేవాడు. చిన్నాన్న పోయి చాలా కాలమైంది. ఆ స్తంభం మీద ఆయన వీపు ఒరుసుకుని నునుపెక్కిన చోటు మాత్రం ఇంకా ఉంది.

చెడగొట్టింది మేమే. 1996లో వసారా నేలకు సిమెంటు చేయించాం. అంతకు ముందు స్తంభాలు రాతి పీటల మీద గాలి తగులుతూ నిలబడేవి. సిమెంటును స్తంభం అంచుదాకా తెచ్చి పీటలను కప్పేయడంతో, జల్లు కొట్టి మొదట్లోకి దిగిన నీటికి బయటికి పోయే దారి మూసుకుపోయింది. ఏటేటా తడి నిలిచి ఐదు స్తంభాల పాదాలు మెత్తబడ్డాయి. రెండింటికి చెదలు కూడా పట్టింది. 2023 వానల్లో దక్షిణం వైపు దూలం రెండు వేళ్ల మందం కిందికి కుంగింది.

ఒక కాంట్రాక్టరును పిలిపించాను. ఆయన పది నిమిషాలు చూసి, మొత్తం దింపేసి కాంక్రీటు స్తంభాలు పోద్దామన్నాడు. ఖర్చు 1,75,000 రూపాయలు, పాత కలప ఆయనే తీసుకుపోతాడు. స్తంభం ఎత్తు తొమ్మిది అడుగులు. కుళ్లింది కింద అడుగు, మహా అయితే అడుగున్నర. పైనున్న ఏడున్నర అడుగుల చేవను వేళ్లతో కొడితే ఇంకా ఖంగున మోగుతోంది. ఊరు మునిగినా మునగని కలపను సిమెంటు కోసం ఎవరికో ఇచ్చేయడానికి నాకు మనసు రాలేదు. ఆలోచించి చెబుతానన్నాను.

ఆ నవంబరులో ఒసాకాలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి దగ్గరికి వెళ్లాను. తను ఒక రోజు నన్ను షికొకు ద్వీపంలోని కొతోహిరా ఊరికి తీసుకుపోయింది. ఒకాయామాలో రైలు మారి, సముద్రం మీద సెతో వంతెన దాటి వెళ్లాలి. అక్కడి కొండ మీద కొంపిరా దేవుడి గుడికి 785 మెట్లు. కొంపిరా అనే పేరు మన ‘కుంభీరం’ నుంచి వచ్చిందట, మొసలి అన్నమాట. పడవల మీద తిరిగేవారిని కాపాడే దేవుడు. కృష్ణ ఒడ్డున పుట్టినదాన్ని కాబట్టి ఆ మాట వినగానే దండం పెట్టుకోవాలనిపించింది, పెట్టుకున్నాను. కానీ ఆ ఊళ్లో నన్ను కదలనివ్వకుండా పట్టేసింది గుడి కాదు, కొండ దిగువన ఉన్న కనమారు-జా అనే చెక్క నాటకశాల.

దాన్ని 1835లో కట్టారు. కబుకి అంటే జపాన్ వాళ్ల సంప్రదాయ నాటకం. జపాన్‌లో ఇప్పటికీ నిలిచి ఉన్న కబుకి నాటకశాలల్లో అన్నిటికన్నా పాతది అదే. మధ్యలో సినిమాహాలుగా కూడా నడిచి, తర్వాత పాడుబడింది. 1970లో అక్కడి ప్రభుత్వం దాన్ని ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించింది. 1972 నుంచి 1976 దాకా నాలుగేళ్లు పట్టి, ఊరి నడుమ ఉన్న ఆ కట్టడాన్ని విప్పి తెచ్చి, ఇప్పుడున్న కొండవాలు మీద తిరిగి కట్టారు. 1985 నుంచి మళ్లీ అక్కడ కబుకి ఆడటం మొదలైంది. విప్పి తెచ్చి తిరిగి కట్టారని మా అమ్మాయి తెలుగులో చెప్పినప్పుడు నాకు మా ఎడ్లబండ్లు కళ్ల ముందు కదిలాయి. అటు వాళ్లు కట్టడం ముగించిన ఐదేళ్లకు ఇటు మేం విప్పడం మొదలుపెట్టాం.

చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్లాలి. కుర్చీలు లేవు. చెక్క కమ్ములతో నేలను చదరపు గడులుగా విడదీశారు, మనం బాగోతానికి చాప పరుచుకున్నట్టు ప్రేక్షకులు ఆ గడుల్లో కింద కూర్చుంటారు. పక్క గోడల కిటికీ తలుపులను మనుషులే మూస్తూ తెరుస్తూ వెలుగును తగ్గిస్తారు, పెంచుతారు. రంగస్థలం నడుమ గుండ్రని భాగం తిరుగుతుంది. దాన్ని తిప్పేది మోటారు కాదు. కింద నేలమాళిగలో మనుషులు భుజం ఆనించి తోస్తారు, కాలు తన్నిపట్టడానికి నేలలో రాళ్లు పాతి ఉన్నాయి. ఆ నేలమాళిగను ‘నరకు’ అంటారు. మన నరకమే, బౌద్ధంతో పాటు అంత దూరం వెళ్లిన మాట. పైకి చూస్తే వెదురు బొంగులను తాళ్లతో అల్లి కట్టిన జాలీ ఉంది, నాటకంలో పూలూ మంచూ రాలేది అక్కడి నుంచే. మొదటి మరమ్మతులో లేని ఆ జాలీని 2003లో పాత ఆనవాళ్లను బట్టి తిరిగి కట్టారు. నేను దానికిందే మెడ నొప్పిపుట్టేదాకా నిలబడ్డాను.

జపాన్ వారు పాత కట్టడాలను ఎలా బాగుచేస్తారో తిరుగు రైలులో మా అమ్మాయి చదివి చెప్పింది. విప్పే ముందు ప్రతి ముక్క మీదా అది ఏ వరుసలో ఎన్నోదో గుర్తు రాస్తారు. స్తంభం పాదం కుళ్లితే కుళ్లినంత మేరే కోసి, అంతే మందమైన కొత్త చెక్కను కిందినుంచి అతుకుతారు. దాన్ని ‘నెత్సుగి’ అంటారు. ‘నె’ అంటే వేరు, ‘త్సుగి’ అంటే అతుకు. ఇలాంటి 17 విద్యలను కలిపి 2020లో యునెస్కో మానవాళి వారసత్వపు జాబితాలో చేర్చింది. ఆ చిన్న మాట నా కాంట్రాక్టరుకు జవాబైంది. వేరు అతికే మనిషి మన దగ్గర కూడా ఉండకుండా పోడు, వెతకాలనుకున్నాను.

వెతికాను. వనపర్తిలో, నాగర్‌కర్నూల్‌లో ఆరు చోట్ల అడిగాను. అందరూ ప్లైవుడ్ బీరువాలు, వంటింటి అరలు చేసేవారే. చివరికి పాత కలప అమ్మే ఒకాయన ఈ కొట్టు పేరు... పేరు లేదు కాబట్టి దారి చెప్పాడు. రేకుల కొట్టం, ముందు వేపచెట్టు. గోడ పక్కన పాత దుంగలన్నీ మొదళ్లు ఒకే వైపుకు పెట్టి పేర్చి ఉన్నాయి. అది చూడగానే సగం నమ్మకం కుదిరింది.

మేస్త్రి ధర మాట ఎత్తలేదు. “కలప ఏ అడవిదమ్మా? వాన ఏ వైపు నుంచి కొడుతుంది?” అని అడిగారు. మర్నాడు పొద్దున బస్సు దిగి ఇంటికి వచ్చారు. ఒక దబ్బనం తీసి ప్రతి స్తంభాన్నీ నాలుగు వైపులా కింది నుంచి పైకి గుచ్చుతూ వెళ్లారు. దబ్బనం దిగనన్న చోట సుద్దతో గీత గీశారు. ఐదు గీతలు. అన్నిటికన్నా తక్కువ తొమ్మిది అంగుళాలు, ఎక్కువ పద్దెనిమిది. “ఇంతే పోయింది. మిగతాది నీ మనవళ్లు చూసుకుంటారు” అన్నారు.

పని మొదటి వారమంతా ఎత్తడమే. సరుగుడు బాదులు నిలబెట్టి, జాకీలు పెట్టి, కుంగిన దూలాన్ని రోజుకు పావు అంగుళం చొప్పున లేపారు. ఒకేసారి లేపితే పెంకులు జారతాయి, కుసులు చిట్లుతాయి. కుసి అంటే ఒక చెక్క చివర సన్నగా చెక్కిన మొన, అది ఎదుటి చెక్క బెజ్జంలో దూరుతుంది. మా వసారా అంతా ఆ కుసుల మీదే నిలబడి ఉంది, ఎక్కడా మేకు లేదు.

స్తంభాలు దింపి పాత రంగు గీకినప్పుడు నేను ఊహించనిది బయటపడింది. ప్రతి స్తంభం తల దగ్గర, దూలంలోకి దూరే చోట, ఉలితో పెట్టిన గాట్లు. ఉత్తరం వరుసకు నిలువు గాట్లు, దక్షిణం వరుసకు వాలు గాట్లు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. 1981లో విప్పిన వడ్రంగి పెట్టుకున్న లెక్క. జపాన్ వాళ్లు రాసే గుర్తుల గురించి అంత దూరం వెళ్లి విన్నాను. నలభై మూడేళ్లుగా మా వసారాలోనే అవి రంగు కింద ఉన్నాయి. మేస్త్రి వాటిని వేలితో తడుముతూ చదివి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత కొడుకును పిలిచి చూపించారు. ఉత్తరం వరుసలో మూడూ నాలుగూ తారుమారుగా నిలబెట్టారని అప్పుడే తెలిసింది. బండ్లు దించిన హడావుడిలో జరిగి ఉంటుంది. ఆ వైపు దూలం మొదటినుంచీ కొద్దిగా ఒరిగి ఉండటానికి కారణం అదే. అంటే మా చిన్నాన్న ఆనుకున్న మూడో స్తంభం నిజానికి నాలుగోది. ఇప్పుడు రెండూ తమ తమ చోట్లలో ఉన్నాయి, నునుపెక్కిన వీపు గుర్తు వరుస చివరకు జరిగింది.

అతుకు పెట్టడం నేను దగ్గర కూర్చుని చూశాను. జాజు పూసిన దారం లాగి గీత కొట్టడం, మూలమట్టంతో నాలుగు ముఖాలకూ గీత తిప్పడం, రంపంతో కోత, తర్వాత అంతా ఉలే. పాత చెక్కలో ఒక మెట్టు, కొత్త చెక్కలో దానికి ఎదురు మెట్టు, ఒకదానిలో ఒకటి కొక్కెంలా పట్టుకుంటాయి. నడుమ మిగిలిన సన్నని సందులో తుమ్మచెక్క చీల దిగ్గొడితే రెండూ దగ్గరికి బిగుస్తాయి. జిగురు లేదు, మేకు లేదు. ఒక్కో పాదానికి నాలుగు రోజులు పట్టింది. సరిపోయిందో లేదో చూడటానికి ఒక ముఖానికి జాజు రాసి కూర్చి విప్పుతారు. జాజు అంటిన చోటు ఎత్తుగా ఉన్నట్టు, దాన్ని ఉలితో ఒక్క పొర తీస్తారు. ఒక పాదానికి అలా పదకొండు సార్లు కూర్చి విప్పడం లెక్కపెట్టాను. కొత్త ముక్కను కూడా చెట్టు మొదలు కిందికి, తల పైకి వచ్చేలా పెట్టారు. తలకిందులుగా నిలబెట్టిన స్తంభం అరిష్టమని జపాన్‌లో కూడా అంటారు, దానికి వాళ్ల భాషలో ‘సకబషిరా’ అని ప్రత్యేకంగా పేరే ఉంది. అది చెబితే మేస్త్రి, “చెట్టు ఎక్కడైనా చెట్టే కదమ్మా” అన్నారు.

ఫోనులో నేను తెచ్చిన వీడియోలు చూపించాను. చిత్రిక పట్టేది మూడుసార్లు చూశారు. “వాళ్లు తమ వైపు లాక్కుంటున్నారు. మనం ముందుకు తోస్తాం” అని, లేచి తన చిత్రికను తిప్పి పట్టుకుని ఒక ముక్క మీద లాగి చూశారు. రంపం కూడా అక్కడ లాగేటప్పుడే కోస్తుంది, అందుకే ఆకు పలచగా ఉంటుంది. నెత్సుగికి జపాన్‌లో వాడే ‘కనవాత్సుగి’ అనే అతుకు బొమ్మ ఆయనకు బాగా నచ్చింది. అందులో పై ముక్క, కింది ముక్క ఒకే అచ్చు, నడుమ చీల. ఆ రాత్రి ఇంటి దగ్గర వేపచెక్క మీద చేసి, మర్నాడు సంచిలో పెట్టుకొచ్చారు. ఏడో స్తంభానికి అదే వేశారు. మిగతా నాలుగింటికి వాళ్ల నాన్న నేర్పిన పద్ధతే. అరవై దాటిన మనిషి ఒక బొమ్మ చూసి రాత్రంతా కూర్చుని నేర్చుకోవడం నాకు కంట తడి పెట్టించింది.

బ్యాంకులో ముప్పై ఐదేళ్లు క్యాషియరుగా పనిచేశాను, లెక్క రాయకుండా ఉండలేను. విప్పిన ఇంటి పాత టేకు 9 ఘనపుటడుగులు, అడుగు 3,400 చొప్పున 30,600. కూలి 41 రోజులు, తండ్రికి 1,300, కొడుకుకు 900 చొప్పున మొత్తం 90,200. జాకీలు, బాదుల అద్దె 6,500. అవిసె నూనె, తక్కిన సామాను 3,200. అంతా కలిపి 1,30,500. కొత్త టేకు కొందామని నేనే అన్నాను. పచ్చి ఆరని కలప పాతదాని పక్కన పెడితే ఎండకు అతుకు నోరు తెరుస్తుందని ఆయన ఒప్పుకోలేదు.

ఇక ఇబ్బందులు. శివరాత్రికి ముగిస్తామన్న పని ఉగాదికి రెండు రోజుల ముందు ముగిసింది. వాళ్ల ఇంట్లో పెళ్లికి ఆరు రోజులు రాలేదు, ముందుగా చెప్పనూ లేదు. ఆ ఆరు రోజులూ వసారా కప్పు జాకీల మీద ఉంది, నాకు నిద్ర లేదు. ఇది పెద్ద లోపమే, మొహమాటం లేకుండా ఆయనకూ చెప్పాను. అంచనా కాగితం, రసీదు ఏమీ ఇవ్వరు. ఫోను కొడుకు దగ్గరే ఉంటుంది, సాయంత్రం ఏడు తర్వాతే ఎత్తుతాడు. ‘అత్తమ్మా, రేపొస్తాం’ అంటే రేపే వస్తారని అనుకోవద్దు, ఎల్లుండి కూడా కావచ్చు. మేలో ఎండలకు ఐదో స్తంభం అతుకు దగ్గర గోరు పట్టేంత సందు పడింది. కబురు పంపితే నాలుగో రోజున వచ్చి, పాత చీల తీసి కాస్త మందమైనది దిగ్గొట్టి వెళ్లారు. డబ్బు తీసుకోలేదు. ఆ ఒక్క ముక్క తాను అనుకున్నంత ఆరినది కాదని తానే చెప్పారు. ఏడో స్తంభంలో, జపాన్ అతుకులో, సందు రాలేదు.

ఈ వానాకాలం తర్వాత ఐదు పాదాలనూ దబ్బనంతో నేనే గుచ్చి చూశాను. ఎక్కడా దిగలేదు. పీటల చుట్టూ నాలుగు వేళ్ల వెడల్పున సిమెంటు పగలగొట్టించారు కాబట్టి జల్లు పడినా సాయంత్రానికి ఆరిపోతోంది. పాత ఇల్లు ఉన్నవారు వేరే ఏ పనీ చేయించకపోయినా ఈ ఒక్క పని చేయించండి, దానికి వడ్రంగి కూడా అక్కరలేదు.

బీరువాలకు, మెరుగుపెట్టిన మంచాలకు ఈ కొట్టుకు వెళ్లవద్దు. వార్నిషు పని వారికి చేతకాదు, ఇష్టమూ లేదు. అతుకు కనబడకుండా రంగు వేయమన్నా వేయరు. మా స్తంభాల మీద పాత టేకు నల్లగా, కొత్త ముక్క తేనె రంగులో విడివిడిగా కనిపిస్తాయి. చుట్టాలు అతుకులేమిటని అడుగుతున్నారు. నాకు అవి అలా కనబడటమే నచ్చింది. పాత దర్వాజాలు, దూలాలు, స్తంభాలు, రథాల చెక్కపని ఉంటే మాత్రం ముందు ఇక్కడ చూపించండి. కూలి ఇస్తూ రోజులు లెక్కపెట్టే తొందర ఉన్నవారికి సరిపడదు. సంక్రాంతి తర్వాత, ఎండలు ముదరకముందు పని పెట్టుకోవడం మేలు.

ఐదులో నాలుగున్నర ఇస్తున్నాను. ఆ అర తగ్గించింది పెళ్లి ఆరు రోజులకు.

అతుకులు మూసే ముందు కొత్త ముక్కల లోపలి ముఖం మీద మేస్త్రి తన గాట్లు పెట్టారు, పాత లెక్క ప్రకారమే, పక్కన 2024 అని చెక్కి. వెనక దర్వాజా కూడా అడుగున మెత్తబడింది. దాన్ని వచ్చే మాఘంలో చేస్తామన్నారు. అడ్వాన్సుగా 5,000 ఇచ్చి, తేదీ వేసి నా పుస్తకంలో రాసుకున్నాను.